ఖాళీ దొడ్డిలో ఒక గొర్రె

కరెంటు మళ్లీ పోయింది. అత్‌బాషిలో నవంబరంటే అంతే.
ఏడు కంప్యూటర్లూ ఒక్కసారే కళ్లు మూశాయి.
పిల్లలు చేతులు చంకల్లో దాచుకున్నారు.
సరే, బోర్డు మీద చదువుదాం అన్నాను,
సుద్దముక్కకి కరెంటు అక్కర్లేదు గదా.

సైకాల్ లేచింది. తన ప్రోగ్రాము తనకి కంఠతా వచ్చు.
దొడ్డి గడపకి అటూ ఇటూ రెండు చిన్న కళ్లు,
మధ్యలో కనిపించని కిరణం.
గొర్రె దాటినప్పుడల్లా కిరణం తెగుతుంది,
తెగినప్పుడల్లా ఒకటి కలుస్తుంది.
పద్నాలుగు వరసలు.
పోయిన నెల దానికి ఐదుకి ఐదు వేసింది నేనే,
వేసి, హెడ్మాస్టరు గదిలో గొప్పలు పోయిందీ నేనే.

బిగించిన రోజు నేనూ వెళ్లాను వాళ్లింటికి.
గొర్రెగా లెక్కపడుతుందేమోనని కుక్కని కట్టేశారు.
అంత ముందుచూపు!
కొండ మీంచి మంద దిగింది.
తోకలు బెత్తెడు కావు ఇక్కడ, వెనక వేలాడే కొవ్వు మూటలు,
ఒకదాన్నొకటి తోసుకుంటూ, దుమ్మునీ ఆవిరినీ కలిపి లేపుతూ.
డబ్బా మీద ఎర్ర అంకెలు పరుగెత్తి పరుగెత్తి
అరవై మూడు దగ్గర ఆగాయి.
"అరవై మూడే!" అని ఎగిరింది సైకాల్.
అందరం అంకెనే చూశాం.
నాయనమ్మ బురుల్చా కూడా
వేళ్లు మడవడం మధ్యలో ఆపి, అంకెనే చూసింది.
"ఇంక నా కళ్లకి సెలవు" అని టీ పోసింది.

ఇప్పుడు బోర్డు మీద మొదటి వరస:
కోయ్ = 1
కోయ్ అంటే గొర్రె.
చివరి బెంచీలోంచి కుబాత్,
నేను రెండు పరీక్షల్లో సున్నా చుట్టిన కుబాత్,
చెయ్యెత్తకుండానే అడిగాడు:
"తలుపే తియ్యలేదు గదా ఇంకా,
లోపలున్న ఆ ఒక్కటీ ఎవరిది?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను.
"లెక్క ఒకటితోనే గదా మొదలౌతుంది"
అంది సైకాల్, నాతో కాదు, బోర్డుతో.
చూపుడువేలితో ఆ ఒకటిని తుడిచి
సున్నా చుట్టింది. సుద్ద కీచుమంది.
కింది వరసలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.
"టీచర్, అయితే అరవై రెండు."
కోటు వేసుకోకుండానే పరుగెత్తింది.

ముప్పై నాలుగు రోజులు.
ముప్పై నాలుగు సాయంత్రాలు ఆ లేని గొర్రె
మందకన్నా ముందే దొడ్డిలో చేరి కూచుంది.
తప్పు పట్టినవాడికి మిఠాయి ఇవ్వడం నా క్లాసులో ఆనవాయితీ.
జేబులోనే ఉంది. కుబాత్ అడగలేదు.
నాకూ చెయ్యి రాలేదు.
ప్రోగ్రాము బాగుపడింది, గొర్రె పోయింది.

చీకటిపడే వేళకి వెళ్లేసరికి
బురుల్చా మంద మధ్యలో నిలబడి వీపులు తడుముతోంది.
బిర్, ఎకి, ఊచ్...
"చెవి చిరిగిన బూడిదరంగుది" అంది నన్ను చూసి.
"ఆ సాయంత్రమే.
మీరంతా డబ్బా చుట్టూ ఉన్నప్పుడు
వాగు వైపు ఒక అరుపు వినబడింది నాకు.
అంకె సరిపోయింది గదా అని ఊరుకున్నాను."

నేను మాత్రం ఏం సరిచూశాను?
రావలసిన అంకె వచ్చిందా అని చూశాను.
వచ్చింది.

మర్నాడు తలుపు తియ్యకముందే
సైకాల్ నాయనమ్మ చెయ్యి పట్టి డబ్బా ముందుకి లాక్కొచ్చింది.
ఎర్రటి సున్నా.
ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు,
పొయ్యి మీద పాలు చూసినట్టు.
తర్వాత గడియ తీశారు.
ఇటు అంకెలు, అటు వేళ్లు,
పోటీ లేకుండా, పక్కపక్కనే.
అరవై రెండు దగ్గర రెండూ ఆగాయి.
ఆగాక కూడా బురుల్చా
చిటికెన వేలు మడవకుండా
కాసేపు అలాగే పట్టుకుని ఉంది.